అడ్డాకుల అడవిలో హాజరు

మొన్న మా చర్చి సంఘంలో కోతకాలపు పండుగ నాడు యువతీ యువకులు పట్టుబట్టి ప్రేమవిందులో ప్లాస్టిక్ పళ్లేలు మాన్పించారు. ఎక్కడో కొండల మీదినుంచి అడ్డాకు విస్తర్లు తెప్పించి అందరికీ వాటిలోనే వడ్డించారు. నా ముందు విస్తరి పరిచి, నీళ్లు చిలకరించి, అరచేత్తో తుడిచేసరికి ఆ తడి ఆకు వాసన ముక్కుకు తగిలింది. పప్పు వడ్డించే పిల్ల మామ్మగారూ, మామ్మగారూ అని రెండుసార్లు పిలిచినా నేను పలకలేదట. మన ఈడువాళ్లందరికీ ఆ వాసనతో పెళ్లి పంక్తులూ, వేడి అన్నమూ, విస్తరి కింద పాకే చీమలూ గుర్తుకొస్తాయి. నాకు మాత్రం ఒక కొండవాలూ, దానిమీద కదలకుండా నిలిచిన మంచూ, ఆ మంచులోంచి నా పిలుపుకు వచ్చిన ఒక జవాబూ గుర్తుకొస్తాయి. ఈ సంగతి నేను ఇన్నేళ్లలో ఏ కూటంలోనూ సాక్ష్యంగా చెప్పలేదు. సాక్ష్యమంటే చివర దేవునికి మహిమ కలగాలి. ఇందులో చివరికి కలిగింది ఏమిటో నాకే తెలియదు.

తొంభైల నడిమి సంవత్సరాలవి. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. విజయనగరం పక్క పల్లెలో, పొద్దున్నే ప్రార్థన కానిదే పొయ్యి వెలిగించని ఇంట్లో పుట్టాను. రెండేళ్లు బైబిలు వాక్య శిక్షణ పొంది, జి.మాడుగులకు ఆవల, బస్సు దిగి రెండు గెడ్డలు, అంటే కొండవాగులు, దాటి నడవవలసిన ఒక కొండ ఊరికి సంఘ పరిచారికగా వెళ్లాను. రేకుల కప్పు మందిరం, దాని వెనక నాకొక గది, పక్కింట్లో పాస్టరుగారూ ఆయన భార్యా. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. ఊళ్లో సగంమంది విశ్వాసులు, మిగతా సగం కొండదేవతలకు మొక్కేవాళ్లు. ఆ రెండు సగాలూ ఒకే గెడ్డలో నీళ్లు ముంచుకొని, చోళ్లనే రాగుల చేను ఒకరిది ఒకరు కోసుకొంటూ ఉండేవాళ్లు కాబట్టి, నేను కింద మైదానంలో నేర్చుకొని వచ్చిన గీతలు అక్కడ అంత స్పష్టంగా కనిపించేవి కావు.

ఆడపిల్లల కోసం శనివారం కూటం ఒకటి నడపమని అక్క నాకు అప్పగించింది. తొమ్మిదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా పన్నెండుమంది పిల్లలు. పాటా వాక్యమూ అయ్యాక చేతిపనులు. వెదురు చీల్చి చిన్న బుట్టలు అల్లడం, కొండచీపుర్లు కట్టడం, కుంకుళ్లు దంచి పొడిచేయడం, ఆనపబుర్రలు ఎండబెట్టి వాటిలో విత్తనాలు దాచడం, చోడిపిండి వేయించి బెల్లంతో ఉండలు కట్టడం. నేర్పడానికి వెళ్లింది నేనే గాని, వాక్యం మూసిన మరుక్షణం నేనే శిష్యురాలిని అయ్యేదాన్ని. నేను కుట్టిన మొదటి విస్తరి చూసి పిల్లల్లో పెద్దది, “టీచరమ్మ ఇస్తర్లో సారు పోత్తే కిందున్న కుక్కకే బోజనం” అన్నది. పన్నెండుమందీ పొట్టలు పట్టుకొని నవ్వారు. నేనూ నవ్వాను. కాని ఆ రాత్రి గదిలో కూర్చుని పది విస్తర్లు కుట్టి, పదీ విప్పేశాను. ఓడిపోవడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు.

అంతకు ముందు ఏడు క్రిస్మసుకు కిందినుంచి ఎవరో దయగల విశ్వాసులు మైనం పూసిన కాగితపు పళ్లేలు పంపారట. పండుగ అయ్యాక అవి గెడ్డ నిండా తేలి, వాటిని తిన్న ఒక ఆవు కడుపు ఉబ్బి చచ్చిపోయిందట. అందుకని ఆ ఏడు చుట్టుపక్కల సంఘాలన్నీ కలిసే విందుకు విస్తర్లన్నీ మన గుంటలే, అంటే మన ఆడపిల్లలే, కుట్టాలని అక్క నిర్ణయించింది. నవంబరు నుంచి ప్రతి శనివారం మేము అడ్డాకు కోతకు వెళ్లేవాళ్లం. అడ్డతీగ సామాన్యమైన తీగ కాదు. పెద్ద పెద్ద చెట్లను చుట్టుకొని, పైకి పాకి, ఒక చెట్టునుంచి ఇంకొక చెట్టుకు పందిరి వేసుకొంటూ పోతుంది. దాని కిందికి వెళ్తే పగలే మసక. ఆ మసకకు మంచు తోడయితే మూరెడు దూరంలో ఉన్న మనిషి కూడా ఆకుల చప్పుడు తప్ప మరేమీ కాదు.

అక్కడి పిల్లలు ఆకు కోస్తూ ఒకరినొకరు పేరుతో పిలుచుకోరు. ‘కూ’ అని కూతపెడతారు. ఒక్కొక్కరిది ఒక్కొక్క తీరు. ఒకతెది పొడుగు, ఒకతెది రెండు ముక్కలు, ఒకతెది చివర్న పైకి లేస్తుంది. దాన్నిబట్టి ఎవరు ఎక్కడున్నారో తెలిసిపోతుంది. నేను అడిగితే అడవికి పేరు చెప్పకూడదన్నారు. నాకు అది వినగానే ఒళ్లు మండింది. వాక్యంలో కాపరి తన గొర్రెలను పేరు పెట్టి పిలుస్తాడు గదా, మందిరంలో నిద్రపోతున్న పిల్లవాడు తన పేరు వినబడగానే లేచి వెళ్లాడు గదా, ఆ పిలుపే గదా వాణ్ణి దైవసేవకుణ్ణి చేసింది! ఆ రెండు పాఠాలూ రెండు శనివారాలు చెప్పి, మూడో శనివారం హాజరు పుస్తకం అడవికే పట్టుకెళ్లాను. నేను కింద గెడ్డ ఒడ్డున రాతిమీద నిలబడి పేర్లు పిలవడం, వాళ్లు ఆకుల్లోంచి ‘ఉన్నానండి’ అనడం. ఆ పుస్తకంలో ఉన్నవి బడికీ సంఘానికీ పెట్టిన పేర్లు. ఇళ్లలో వాళ్లను వేరే పేర్లతో పిలుచుకొంటారని తెలుసు. అవేమిటో నేను ఎన్నడూ అడగలేదు.

ఆ పిల్లల్లో సంఘపెద్ద గారి మనవరాలు ఒకతె ఉండేది. పదకొండేళ్లుంటాయేమో. తల్లి చనిపోతే అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నది. ఆ పిల్ల విస్తరి కుడితే పుల్ల ఎక్కడ దూరిందో ఎక్కడ తేలిందో కనబడేది కాదు. కాని గొంతు మాత్రం పైకి వచ్చేది కాదు. హాజరు పిలిస్తే పెదవులు కదిలేవి, అంతే. గట్టిగా పలుకు, గట్టిగా పలుకు అని ప్రతి వారమూ కసిరేదాన్ని. ఆలోచిస్తే ఆ పిల్ల పేరును నేను ఆ రెండు పనులకు తప్ప, అంటే హాజరుకూ కసరడానికీ తప్ప, మరి దేనికీ వాడలేదు. ఆ పేరు ఇక్కడ రాయను.

దాని అమ్మమ్మ ఒకనాడు మందిరం గడప దగ్గర నన్ను ఆపి, “అడివిలో పేరెట్టి పిలవొద్దమ్మా. కూతెడితే సాలు” అన్నది. ఆమె మొదటి తరం విశ్వాసి, ప్రతి ఆదివారం ముందు వరుసలో కూర్చునేది. అటువంటి మనిషి నోట ఈ మాట విని నేను చిరునవ్వు నవ్వాను. ఆ చిరునవ్వు నాకు ఇప్పటికీ మొహంమీద అతుక్కొని ఉన్నట్టే ఉంటుంది.

డిసెంబరు మొదట్లో ఒక శనివారం మంచు విపరీతంగా పట్టింది. పిల్లలు రెండు పల్లెలనుంచి ఎవరి దారిన వాళ్లు నేరుగా కొండవాలుకు చేరి కోత మొదలుపెట్టేవాళ్లు కాబట్టి, ఎవరు వచ్చారో చూసే వీలు లేదు. నేను రాతిమీద నిలబడి హాజరు పిలిచాను. ఒక్కొక్క పేరుకూ ఒక్కొక్క మూలనుంచి జవాబు వచ్చింది. ఆ పిల్ల పేరు పిలిచినప్పుడు పైనుంచి, అందరికన్నా పైన, ఎవరూ ఎక్కని గుబురునుంచి ‘ఉన్నానండి’ అని వచ్చింది. స్పష్టంగా, గట్టిగా, కాస్త సంతోషంగా కూడా. ఇవాళ బాగా పలికావు, ఇలా పలకాలి అని నేను మెచ్చుకొంటూ పైకి అరిచాను. చుట్టూ కొడవళ్ల చప్పుడు ఆగిపోయిందన్న సంగతి నేను గమనించలేదు.

మధ్యాహ్నం ఆకుమోపులు దించితే పదకొండే ఉన్నాయి. పిల్లల్లో పెద్దది నా మొహంలోకి చూడకుండా, “అది రానేదండి. నిన్నటి కాడ్నించి జొరం” అన్నది. మరి పలికిందెవరు అని గద్దించాను. హాజరు వేయించుకోవడంలో పిల్లల కొంటెతనం నాకు తెలియనిదా? కొంటెతనమైతే ఎవరో ఒకరు నవ్వాలి. ఎవరూ నవ్వలేదు. అందరికన్నా చిన్నది ఏడుపు మొదలుపెట్టింది. ఒకరి గౌను ఒకరు పట్టుకొని, గొలుసులాగ దిగిపోయారు. పుస్తకంలో ఆ పేరు ఎదుట నేను పెట్టిన టిక్కు గుర్తు అలాగే ఉన్నది. కొట్టివేయబోతే, ఎందుకో చెయ్యి రాలేదు.

ఆ సంగతి సాయంత్రానికే అమ్మమ్మకు చేరింది. మనవరాలిని ఇక అడవికి పంపనన్నది. “దానికి పేరు తెలిసిపోనాది టీచరమ్మా” అన్నది, అంతే. నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు. పాస్టరుగారిని వెంటబెట్టుకొని వెళ్లి భయమూ విశ్వాసమూ ఒక ఇంట్లో కాపురం చేయవని చెప్పాను. ఆమె చోళ్లు చెరుగుతూ నిదానంగా విని, “నానూ పెబువునే నమ్ముకున్నానమ్మా. పెబువు ఊర్లో ఉంటాడు, అడివిలోనూ ఉంటాడు. అడివిలో ఇంకోటీ ఉంటది” అన్నది. నా దగ్గర జవాబు ఉన్నది. అడవికి రాని పిల్లకు క్రిస్మసు నాడు వాక్యం అప్పగించే వరుసలో చోటు ఉండదన్నాను. ఆ పిల్ల నెలరోజులుగా ఆ వాక్యం వల్లిస్తున్నదని, దాని కోసం మేనత్త కొత్త గౌను కుట్టించిందని నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఆ పిల్ల గుమ్మం పక్కన నిలబడి అమ్మమ్మ కొంగు వేలికి చుట్టుకొంటూ ఉన్నది.

అమ్మమ్మ చేట పక్కన పెట్టి మనవరాలి గడ్డం పట్టుకొని, “ఎల్లు. ఎవులు పిలిసినా పలక్కు. టీచరమ్మ పిలిసినా పలక్కు” అన్నది. నేను పక్కనే నిలబడి, నేను పిలిస్తే పలకాలి అన్నాను. ఆ పిల్ల ఆమె మొహమూ నా మొహమూ మార్చి మార్చి చూసింది. పెద్దవాళ్లం ఇద్దరం కలిసి ఒక పిల్ల నెత్తిన పెట్టగల బరువు ఎంతో, ఆ చూపులో ఉన్నది.

తరువాతి శనివారం మళ్లీ మంచే. హాజరు ఒక్కసారే పిలిచాను. ఆ పిల్ల నాకు పది అడుగుల దూరంలో ఉండి, ఎప్పటిలాగే వినీ వినబడకుండా పలికింది. ఆ తరువాత నేను గెడ్డలో అంబలి దాకలు కడుగుతూ మనసులో పాట పాడుకొంటున్నాను, నోరు విప్పలేదు. తిండికి కూర్చున్నప్పుడు లెక్కపెడితే పదకొండుమంది. పెద్దపిల్లే చెప్పింది: “మీరు పిలిసారు గదండీ, అది పైకి ఎల్లిపోనాది.” నేను పిలవలేదన్నాను. “నాకేటీ ఇనబడనేదండి. అదే తలెత్తి, టీచరమ్మ పిలుత్తన్నారు అనీసి, వత్తన్నానండీ, వత్తన్నానండీ అనుకుంట ఎల్లిపోనాది” అన్నది. నా చేతిలో దాక జారి గెడ్డలో పడింది. ఆ పిల్ల వెళ్లిన వైపు చూస్తే ఆకు కదలడం లేదు.

ఊరంతా కదిలి వచ్చింది. విశ్వాసులూ, కొండదేవత మొక్కులవాళ్లూ అందరూ. ఒక్కరంటే ఒక్కరు పేరు పెట్టి పిలవలేదు. వాలునుంచి వాలుకు కూతలు మాత్రమే పోతున్నాయి, వస్తున్నాయి. నేను పైకి పరిగెత్తి ఆ పేరు అరవడానికి నోరు తెరిచాను. అమ్మమ్మ వచ్చి నా నోటిమీద అరచెయ్యి పెట్టింది. ఆ చెయ్యి చోడిపిండి వాసన వేసింది. “నువ్వు నోరిప్పకు. ఏది నీ గొంతో దానికి తెలవదు” అన్నది. దానికి అంటే ఆ పిల్లకా, మరొకదానికా, నేను అడగలేదు. ఆ సాయంత్రమంతా నేను నోరు మూసుకొని ఆ కొండమీద నడిచాను. నా గొంతుతో బతికేదాన్ని, పాటలు ఎత్తేదాన్ని, ప్రార్థన నడిపించేదాన్ని. పెదవులు కదిలిస్తే ఏమవుతుందో అని ప్రభువుతో కూడా లోపలే మాట్లాడుకొన్నాను. రెండుసార్లు పైనుంచి ఎవరో ఆడమనిషి దగ్గినట్టు వినబడింది. నాకు ఆ వారం దగ్గు ఉన్నది. అది నా దగ్గే. అప్పుడు మాత్రం నేను దగ్గలేదు.

ఆ రాత్రి గురించి రాయను. మర్నాడు ఆదివారం, మందిరంలో గంట కొట్టే వేళకు మంచు కొద్దిగా విచ్చింది. అమ్మమ్మ పెట్టిన ఒక పొడుగు కూతకు, చాలా పైన ఒక రాతి చూరు కిందినుంచి సన్నగా ‘కూ’ అని వచ్చింది. చివర పైకి లేచే కూత. ఆ పిల్లదే.

రాతి కింద కాళ్లు ముడుచుకొని కూర్చుని ఉన్నది. గడ్డిమీద మంచు గట్టిపడే చలిలో, పలచటి గౌనుతో రాత్రంతా ఉన్న పిల్ల చేతులు పట్టుకొంటే పొయ్యి దగ్గర కూర్చుని లేచిన చేతుల్లాగ వెచ్చగా ఉన్నాయి. దాని ఎదుట రెండు విస్తర్లు, అప్పుడే కుట్టినవి, ఎదురెదురుగా పరిచి ఉన్నాయి. ఉసిరికాయలు తిన్నట్టున్నారు. గింజలు ఒక విస్తరిలోనూ ఉన్నాయి, రెండో విస్తరిలోనూ ఉన్నాయి. అందరూ అది చూశారు. ఆ పిల్ల అమ్మమ్మ భుజంమీదినుంచి నన్ను చూసి, “మీరెప్పుడు దిగిపోనారండీ?” అని అడిగింది.

కిందికి వచ్చాక, అంబలి తాగించాక, నెమ్మది నెమ్మదిగా చెప్పింది. పిలిచింది మీరేనన్నది. హాజరు పుస్తకంలో పేరుతో కాదట. ఇంట్లో పేరుతో పిలిచానట. ఆ మాటకు అమ్మమ్మ చేతిలోని గిన్నె కింద పెట్టేసి మొహం అటు తిప్పుకొన్నది. ఆ పేరుతో పిలిచింది కన్నతల్లి ఒక్కతేనట. ఆమె పోయిన తరువాత ఆ ఇంట్లో ఎవరూ ఆ పేరు పలకలేదట, ఎందుకంటే పలికితే పిల్ల ఏడ్చేదట. మీరు పిలిచినట్టే ఉంది గాని మీరు ఎప్పుడూ అంత మెల్లగా పిలవలేదు, అందుకే వెళ్లాను అన్నది ఆ పిల్ల. నింద కాదు, ఫిర్యాదు కాదు. ఉన్నది చెప్పింది.

పాస్టరుగారు అది అపవాది అయిన సాతాను మోసమన్నారు. ఆయన అలాగే అనాలి. అక్క మాత్రం ఆ రోజు నా పక్కన కూర్చుని చాలాసేపు విస్తర్లు కుట్టి, వెళ్లేముందు నా తల నిమిరి వెళ్లింది. గొర్రెలు పరాయివాని స్వరం వెంట వెళ్లవని నేనే నేర్పాను. ఆ పిల్ల పరాయి స్వరం వెంట వెళ్లలేదు. నా స్వరంలో నేను పెట్టవలసినది ఏదో పెట్టి ఎవరో పిలిచారు, వెళ్లింది. కీడు చేసేదైతే పిల్ల చేతులు వెచ్చగా ఎందుకున్నాయని ఒక రోజు అనుకొంటాను. మేలు చేసేదైతే అలా ఎందుకు తీసుకుపోవాలని ఇంకొక రోజు అనుకొంటాను. రెండు రోజులూ మోకాళ్లమీదనే గడుస్తాయి.

క్రిస్మసు విందు జరిగింది. విస్తర్లు ఒక్కటీ తక్కువ కాలేదు. ఆ పిల్ల కొత్త గౌనులో నిలబడి వాక్యం అప్పగించింది, ఎప్పటిలాగే వినీ వినబడకుండా. నేను గట్టిగా పలకమనలేదు. హాజరు పుస్తకం మళ్లీ అడవికి పోలేదు. నేనూ కూత నేర్చుకొన్నాను. జలుబు చేసిన కాకిలా ఉందని పిల్లలు నవ్వేవాళ్లు. ఇంకో ఏడాది ఉండి, పెళ్లయి, కిందికి వచ్చేశాను.

పన్నెండేళ్ల తరువాత, రెండువేల ఏడులోనో ఎనిమిదిలోనో, ఒక సభకు పాడేరు వెళ్లినప్పుడు ఆ ఊరు వెళ్లాను. జీపు మందిరం దాకా పోయింది. అమ్మమ్మ లేదు. మేము ఆకు కోసిన వాలుమీద అడ్డతీగ చాలావరకు నరికేసి కాఫీ మొక్కలు వేశారు, ఆ పైన సెల్ టవరు. మహిళా సంఘం గదిలో ఆకు విస్తరిని వేడి అచ్చులో నొక్కే మిషను ఉన్నది. దాని దగ్గర నిలబడి నలుగురు ఆడవాళ్లకు పని పురమాయిస్తున్న మనిషి నన్ను చూసి పరుగున వచ్చి చేతులు పట్టుకొన్నది. ఆ పిల్లే. గొంతు మారింది, మహిళా సంఘం నడిపేవాళ్ల గొంతు. చంకలో కూతురు. నాకు టీ పోసి, ఒడిలోంచి దిగనని మారాం చేసే పిల్లను సముదాయిస్తూ, ఇప్పుడు గుంటలు అడవిలో కూతలు పెట్టరని, ఫోన్లు చేసుకొంటారని నవ్వుతూ చెప్పింది. పైన బాగా సిగ్నలు ఉంటుందట.

లేచేముందు అడిగాను. పన్నెండేళ్లు మోసిన ప్రశ్న అది, అంత పొడుగుగా రాలేదు. నీ ఇంట్లో పేరేమిటమ్మా అన్నాను. ఆమె పిల్లను ఒడిలో సర్దుకొన్నది. చిన్నప్పటి గొంతు ఎక్కడినుంచో వచ్చింది.

“మీకు తెలుసు గదండీ. మీరే గదా పిలిసారు” అన్నది.

నేను కాదని చెప్పలేకపోయాను. చెబితే అంత మెల్లగా ఆమెను పిలిచినవాళ్లు ఈ లోకంలో మరొకరు తగ్గిపోతారనిపించింది. ప్రతి ఉదయం ప్రార్థనలో ఆమెను హాజరు పుస్తకంలోని పేరుతోనే ప్రభువుకు అప్పగిస్తాను, నాకు తెలిసినది అదే కాబట్టి. నా గొంతుకు ఒకసారి తెలిసిన ఆ రెండో పేరు నాకు తెలియదు. ఇప్పుడు అందరి పేర్లూ అందరి ఫోన్లలో ఉన్నాయి, వేలితో తాకితే ఎంత దూరాన ఉన్నవాళ్లయినా పలుకుతారు. ఒక పిల్లను తన పేరుతో పిలవడానికి ముందు ఆ పేరు ఆమెను అడిగి తెలుసుకోవాలన్న ఆలోచన నాకు ఇరవై ఆరేళ్లప్పుడు రాలేదు. ఆ కొండమీద నాకన్నా ముందు ఎవరికో వచ్చింది.